కొమ్ముపురుగుకు వైరస్ ఎక్కించి తోటలో వదలడం ఎలా

శనగపచ్చ పురుగు మీద ఎన్.పి.వి. అనే వైరస్ ద్రావణం చల్లినట్టు, కొబ్బరి కొమ్ముపురుగు మీద వైరస్ చల్లుదామని చాలామంది అడుగుతుంటారు. అది కుదరదు. ఎన్.పి.వి. కణాలు గట్టి ప్రోటీన్ గుళికలో దాగి ఉంటాయి కాబట్టి ఆకు మీద కొంతకాలం బతుకుతాయి. కొమ్ముపురుగుకు సోకే ఒరిక్టెస్ నూడివైరస్‌కు ఆ గుళిక లేదు. ఎండ తగిలితే, ఆరిపోతే త్వరగా చచ్చిపోతుంది. పెంటకుప్ప లోపల చెమ్మలో, చీకట్లో ఉన్నా మహా అయితే ఓ నెల. ఎక్కువ కాలం క్షేమంగా ఉండేది బతికున్న కొమ్ముపురుగు కడుపులోనే. కాబట్టి చెట్టును వదిలేసి పురుగుకే తాగించాలి. తోటంతా పంచే పని ఆ పురుగుదే.

రోగం సోకిన తల్లిపురుగు (ఆడైనా మగైనా, రెక్కలొచ్చిన పెద్ద పురుగు) వెంటనే చావదు, అదే మనకు కలిసొచ్చేది. వైరస్ పేగు గోడలోని కణాల్లో పెరిగి, కొద్ది రోజుల్లోనే రెట్టలో బయటికి రావడం మొదలవుతుంది. రోజుకు 0.3 మిల్లీగ్రాముల దాకా వైరస్‌ను అది విసర్జించగలదు. ఈ దశలో అది ఇంకా ఎగురుతుంది, మొవ్వులో దూరుతుంది, జత కడుతుంది, గుడ్లు పెట్టడానికి పెంటకుప్పల్లోకి దిగుతుంది. అదే రంధ్రంలోకి వచ్చిన రెండో పురుగు, జతకట్టిన పురుగు, కుప్పలో ఆ రెట్ట కలిసిన ఎరువును తిన్న పిల్లపురుగు, అన్నిటికీ అంటుతుంది. ఆ తర్వాత తిండి తగ్గుతుంది, ఆడపురుగు గుడ్లు పెట్టడం మానేస్తుంది, నెలల తరబడి బతకాల్సినది కొన్ని వారాల్లో పోతుంది.

ఈ వైరస్‌ను 1963లో మలేషియాలో అలోయిస్ హ్యూగర్ కనుక్కున్నారు. కొమ్ముపురుగు 1909లో సమోవా చేరింది, అక్కడ దానికి ఈ రోగం లేదు. 1967లో వైరస్‌ను అక్కడ వదిలాక పురుగు తగ్గింది. ఆ తర్వాత ఫిజీ, టోంగా లాంటి పసిఫిక్ దీవుల్లోనూ, 1980ల్లో లక్షద్వీప్‌లోని మినికాయ్‌లోనూ ఇదే పద్ధతి పనిచేసింది. పాత పుస్తకాల్లో దీన్ని బాకులోవైరస్ ఒరిక్టెస్ అని రాస్తారు. రెండూ ఒకటే.

ముందు తేల్చుకోవాల్సింది: మీ తోటలో రోగం ఇప్పటికే ఉందా?

కొమ్ముపురుగు పుట్టిల్లయిన దక్షిణ, ఆగ్నేయ ఆసియాలో ఈ వైరస్ చాలాచోట్ల సహజంగానే ఉంటుంది. ఉన్నచోట మళ్ళీ వదలడం వృథా శ్రమ. తోటలో నాలుగైదు చోట్ల లింగాకర్షక బుట్టలు పెట్టి 30 తల్లిపురుగుల్ని పట్టండి. ఎరలో ఉండే ఇథైల్ 4-మిథైల్ ఆక్టనోయేట్ మగపురుగు విడుదల చేసే వాసనే అయినా ఆడ, మగ రెండూ వస్తాయి. బుట్టలో నీళ్ళు, మందు పోయకండి. బతికున్నవే కావాలి. రోజూ పొద్దున్నే తీసేయకపోతే అవి ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పైగా ఒకదాని రోగం మరోదానికి ఆ బుట్టలోనే అంటుకుని మీ లెక్క తప్పుతుంది.

పురుగును 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే మొద్దుబారుతుంది. రెక్కల పెంకులు, కింది పల్చటి రెక్కలు ఊడదీయండి. పొట్ట పైభాగం మెత్తటి చర్మంలా కనిపిస్తుంది. సన్నటి కత్తెరతో రెండు పక్కలా అంచు వెంబడి కత్తిరించి ఆ చర్మాన్ని మూతలా పైకెత్తితే కొవ్వు మధ్యలో మెలికలు తిరిగిన పేగు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పేగు సన్నగా, గోధుమ రంగులో, పట్టకారుతో లాగితే సాగేలా ఉంటుంది. రోగం ముదిరిన పేగు లావుగా ఉబ్బి, సున్నం రంగుకు తిరిగి, పట్టుకోగానే చిరుగుతుంది. సూదితో గుచ్చితే పాలలాంటి ద్రవం కారుతుంది. ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసిన కన్ను మళ్ళీ పొరబడదు.

పొరబడే చోట్లు మాత్రం రెండున్నాయి. కోశం నుంచి అప్పుడే బయటపడిన పురుగుకు పొట్టనిండా తెల్లటి కొవ్వు, ఖాళీ పేగు ఉంటాయి. ఆ తెలుపు చూసి రోగం అనుకుంటారు. కొవ్వును పక్కకు తోసి పేగునే చూడాలి. రెండోది, రోగం సోకిన తొలి వారంలో పేగు మామూలుగానే కనిపిస్తుంది, అంటే కంటి లెక్క ఎప్పుడూ అసలు కన్నా తక్కువే చెబుతుంది. పేగు ముక్కను గాజుపలక మీద పూసి జీమ్సా అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, రోగం సోకిన కణాల్లో కేంద్రకాలు ఉబ్బి కనిపిస్తాయి. ఖచ్చితంగా కావాలంటే పేగు ముక్కను ఆల్కహాల్‌లో వేసి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేసే ల్యాబ్‌కు పంపాలి.

30లో ఒక్కదానికీ రోగం లేకపోతే తోటలో రోగం ఉన్నా నూటికి పదిలోపే ఉంటుందని 95 శాతం నమ్మకంతో అనుకోవచ్చు. అప్పుడు వదలడం సబబు. మూడో వంతు పురుగులకు ఇప్పటికే ఉంటే వైరస్ మీద ఖర్చు పెట్టకండి. అక్కడ పురుగు తగ్గకపోవడానికి కారణం పెంటకుప్పల్లోనో, కూలిన మానుల్లోనో ఉంటుంది. ఈ మూడో వంతు గీత మేం పనికోసం గీసుకున్నదే.

వైరస్ ఎక్కడి నుంచి, ఏ పురుగుకు

మొదటి విత్తు వైరస్ కొబ్బరి పరిశోధన కేంద్రం నుంచో, జీవనియంత్రణ ల్యాబ్ నుంచో అనుమతితో తీసుకోవాలి. వేరే దీవి నుంచో, వేరే దేశం నుంచో రోగం ఉన్న పురుగుల్ని సంచిలో వేసుకు రావడం క్వారంటైన్ నిబంధనల ప్రకారం నేరమే కాక, మహా ప్రమాదం. ఎందుకంటే కొమ్ముపురుగులో ఈ వైరస్‌కు లొంగని రకం ఒకటుంది. 2007లో పసిఫిక్ దీవి గ్వామ్‌లో కనిపించిన ఆ రకం మీద వైరస్ వదిలినా పని జరగలేదు. దాన్ని సీఆర్‌బీ-జీ అంటున్నారు, సీఆర్‌బీ అంటే కొమ్ముపురుగు ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం, జీ అంటే గ్వామ్. తర్వాత హవాయి, పలావు, సాలమన్ దీవుల్లోనూ అదే రకం బయటపడింది. చూడ్డానికి మామూలు కొమ్ముపురుగుకు, దీనికి తేడా కనిపించదు, జన్యు పరీక్షలోనే తేలుతుంది. కాబట్టి ఏ ఐసొలేట్ (ఒకచోటి పురుగుల నుంచి వేరుచేసిన వైరస్) తెచ్చినా ముందు మీ తోట పురుగులు పదింటికి తాగించి చూడండి. రెండు వారాల తర్వాత కోసి చూసినా పేగు తెల్లబడకపోతే ముందుకు పోకుండా ల్యాబ్‌ను అడగండి.

మనుషులకు, పశువులకు, పక్షులకు ఈ వైరస్ సోకదు. ఎర్రముక్కు పురుగు మీద కూడా దీని ప్రభావం లేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే కొమ్ముపురుగు చేసిన గాయంలోకే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. మొదటిది తగ్గితే రెండోదానికి దారులు తగ్గుతాయి, అంతవరకే.

ద్రావణం తయారీ

పది హెక్టార్ల తోట లెక్కన చూద్దాం. హెక్టారుకు 15 చొప్పున 150 పురుగులు వదలాలి. పరీక్షకు ఆపుకునేవి, మధ్యలో చచ్చేవి కలిపి 180 పట్టుకోవాలి. ఒక్కోదానికి 20 మైక్రోలీటర్లు, అంటే మొత్తం 3.6 మిల్లీలీటర్లు. వడకట్టేటప్పుడు కొంత పోతుంది కాబట్టి 10 మిల్లీలీటర్లు తయారు చేసుకుంటే ధారాళంగా సరిపోతుంది.

విత్తు వైరస్ తాగించగా రోగం వచ్చిన, ఇంకా బతికున్న పురుగుల పేగులే తీయాలి. చచ్చి నల్లబడ్డవాటిలో వైరస్ కన్నా బాక్టీరియా ఎక్కువ. తూచిన ఒక గ్రాము పేగుకు తొమ్మిది మిల్లీలీటర్ల చల్లటి ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ఉప్పు ద్రావణం), పీహెచ్ 7.4 దగ్గర ఉన్నది, కలపండి. కల్వాన్ని ఐస్ ముక్కల్లో కూర్చోబెట్టి మెత్తగా నూరండి. ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ (గొట్టాల్ని వేగంగా తిప్పే యంత్రం) ఉంటే నిమిషానికి 3,000 చుట్ల వేగంతో పది నిమిషాలు తిప్పి అడుగున చేరిన మడ్డిని వదిలేసి పైతేట తీసుకోండి. లేకపోతే రెండు పొరల పల్చటి బట్టలో వడకట్టాలి. పైతేటను 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపితే బాక్టీరియా చాలావరకు ఆగిపోతుంది, వైరస్ దాటిపోతుంది. మడ్డి తీయకుండా నేరుగా ఫిల్టర్‌లో పోస్తే రెండు నిమిషాల్లో పూడుకుపోతుంది.

ఫిల్టర్ చేయడం అవసరమా అంటే, అదే రోజు తాగించేటట్టయితే మానుకోవచ్చు. కానీ మానినప్పుడు ఒక గందరగోళం వస్తుంది. తాగించిన మూడు నాలుగు రోజుల్లోనే పురుగులు చస్తుంటే వైరస్ బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకుంటారు. వైరస్ అంత తొందరగా చంపదు, అది బాక్టీరియా పని. అలా చచ్చిన పురుగు ఎవరికీ ఏమీ అంటించకుండానే పోతుంది.

వాడేముందు మాత్రమే పంచదార కలపండి, పది మిల్లీలీటర్లకు ఒక గ్రాము. మిగిలినది ఒక్కో మిల్లీలీటరు చొప్పున చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 20 డిగ్రీల దగ్గర, ఎక్కువ కాలం దాచాలంటే మైనస్ 80 దగ్గర పెట్టాలి. ఒకసారి కరిగించిన గొట్టాన్ని మళ్ళీ గడ్డ కట్టించకండి, ప్రతిసారీ బలం పడిపోతుంది. మామూలు ఫ్రిజ్‌లో పెట్టింది ఆ రోజు వరకే లెక్క.

తాగించడం

పురుగుల్ని విడివిడిగా డబ్బాల్లో వేసి 24 గంటలు పస్తు పెట్టండి. ఆకలి మీద ఉన్నది చుక్కను పీల్చేస్తుంది, కడుపు నిండినది తల తిప్పేసి కాళ్ళతో తుడిచేసుకుంటుంది. వెల్లకిలా పట్టుకుని నోటి దగ్గర ఉన్న గోధుమరంగు వెంట్రుకల కుచ్చు మీద 10 మైక్రోలీటర్ల చుక్క పెట్టండి. కుచ్చులోకి ఇంకి, దవడలు కదలడం కనిపించాక రెండో చుక్క. మైక్రోపిపెట్ లేకపోతే 100 యూనిట్ల ఒక మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజి సూది తీసేసి వాడవచ్చు, ఒక యూనిట్ అంటే సరిగ్గా 10 మైక్రోలీటర్లు. మొనను నోట్లోకి గుచ్చకూడదు.

పురుగులన్నిటినీ పళ్ళెంలో పోసిన ద్రావణంలో అరగంట పాకనివ్వడం ఇంకో పద్ధతి. వందల్లో పని ఉన్నప్పుడు తొందరగా అవుతుంది గానీ ద్రావణం ఎక్కువ పడుతుంది, ఏది తాగిందో ఏది తాగలేదో తెలియదు. రెండొందల లోపు అయితే చుక్క పద్ధతే మేలు.

పక్కన ఇంకో పది పురుగులకు, పావుగంట మరిగించి చల్లార్చిన అదే ద్రావణాన్ని తాగించి గుర్తు పెట్టుకోండి. వేడికి వైరస్ చస్తుంది. వైరస్ తాగినవాటిలోంచి 15 పురుగుల్ని కూడా ఆపుకోండి. 14వ రోజున రెండు గుంపుల్నీ కోసి చూడాలి. వైరస్ తాగిన 15లో 12కు తక్కువ కాకుండా పేగు తెల్లబడితే పని సవ్యంగా జరిగినట్టు. పదికి తగ్గితే ద్రావణం బలం పోయిందనో, పస్తు సరిపోలేదనో అర్థం. మరిగించినది తాగిన గుంపులోనూ తెల్లటి పేగులు కనిపిస్తే, పట్టుకొచ్చేటప్పటికే వాటికి రోగం ఉంది, లేదా మీ గదిలోనే అంటింది.

గదిలో అంటడం చాలా మామూలు సంగతి. వైరస్ తాగించడానికి పురుగుల్ని పెంచేవాళ్ళ పెంపకాన్ని తుడిచిపెట్టేది అదే. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ఎప్పుడూ ముందు, రోగం ఉన్నవాటిది తర్వాత. పట్టకార్లు, కత్తెర్లు, డబ్బాలు ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో అరగంట నాననివ్వండి. పెంచే ఎరువును ముందే వేడి చేసి చల్లార్చి వాడండి.

వదలడం

తాగించిన మర్నాడు సాయంత్రం, పొద్దు కుంకిన తర్వాత వదిలేయండి. వారం పది రోజులు డబ్బాలోనే ఉంచి రోగం ముదిరాక వదిలితే ఇంకా బాగా అంటిస్తాయని కొందరు అనుకుంటారు. ముదిరినవి ఎగరలేవు, తినవు. వదిలిన చోటే చీమల పాలవుతాయి. మొదటి రెండు వారాల్లో అవి తిరిగే తిరుగుడే మనకు కావాల్సింది.

హెక్టారుకు 15 పురుగుల్ని ఒకేచోట కుమ్మరించకుండా ఐదు చోట్ల మూడేసి వదలండి. కొన్నింటిని చిన్న చెట్ల మట్టల మొదళ్ళలో, కొన్నింటిని కుళ్ళిన మాను పక్కన, కొన్నింటిని పెంటకుప్ప మీద. పట్టపగలు వదిలితే పక్షులు ఎత్తుకుపోతాయి. గట్టి వాన పడుతుంటే ఒక రోజు ఆగండి.

తోటలోకి మనమే పురుగుల్ని వదలడమేమిటని భయపడేవాళ్ళు ఉంటారు. పట్టింది ఆ తోటలోనే, వదిలేదీ ఆ తోటలోనే, కాబట్టి కొత్తగా చేరేదేమీ లేదు. పెంచి తెచ్చిన పురుగులైతే ఆ భయం న్యాయమైనదే. అలాంటప్పుడు ముందుగా అదే సంఖ్యలో బుట్టలతో పట్టి తీసేయండి.

వదిలాక మూడు నాలుగు వారాలు ఆ తోటలో లింగాకర్షక బుట్టలు మూసేయండి. ఈ పని మర్చిపోవడం వల్ల చెడినన్ని ప్రయత్నాలు మరే కారణం వల్లా చెడవు. వైరస్ మోసే పురుగుల్ని మన బుట్టలే పట్టి చంపేస్తుంటాయి. మొవ్వులో పురుగుమందు గుళికలు వేయడమూ ఆ నెలంతా ఆపాలి.

పెంటకుప్పల సంగతి వదలకూడదు

వైరస్ ఒక్కదానితో సరిపెట్టుకుందామంటే కుదరదు. ఆడపురుగు పెట్టే గుడ్లు 50 నుంచి 100. పిల్లపురుగు దశ మూడు నుంచి ఆరు నెలలు. నరికిన మానులు తోటలోనే కుళ్ళుతుంటే అక్కడ పుట్టుకొచ్చే సంఖ్యను వైరస్ అందుకోలేదు. 2015లో గ్వామ్‌లో డాల్ఫిన్ తుపాను తర్వాత కూలిన చెట్లే పురుగుకు పుట్టలయ్యాయి. పాతచెట్లు తీసేసి కొత్త మొక్కలు నాటే తోటల్లోనూ ఇదే జరుగుతుంది. మానుల్ని ముక్కలు కొట్టి ఎండబెట్టండి, లేదా తీసేయండి.

తీసేయలేని ఎరువు గుంతల్లో పచ్చబూజు మెటారైజియం కలపండి, ఘనపు మీటరుకు 50 వేల కోట్ల బీజాల లెక్కన, గుంత చెమ్మగా ఉన్నప్పుడు. ఇది పిల్లపురుగుల్ని చంపుతుంది, వైరస్ తల్లిపురుగుల ద్వారా తిరుగుతుంది, ఒకదానికొకటి అడ్డు రావు. గుంతలో చచ్చిన పిల్లపురుగును చూసి ఏ రోగమో చెప్పవచ్చు. గట్టిపడి ముందు తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కమ్మితే అది మెటారైజియం. వైరస్ సోకినది బతికుండగానే కుప్ప పైకి పాకి వస్తుంది. కొవ్వు కరిగి, వెలుతురుకు ఎదురుగా పెడితే పొట్ట గాజులా కనిపిస్తుంది, చాలాసార్లు వెనకభాగం బయటికి తోసుకొచ్చి ఉంటుంది. మెత్తబడి నల్లగా కంపు కొడుతుంటే బాక్టీరియా, లేదా వైరస్‌తో చచ్చి ఆలస్యమైనది. అలాంటిది పరీక్షకు పనికిరాదు.

చిన్న మొక్కలకు ఇవన్నీ ఫలితం ఇచ్చేలోపు రక్షణ కావాలి. పై మూడు మట్టల మొదళ్ళలో పొడిచేసిన వేపపిండి 250 గ్రాములు అంతే ఇసుకతో కలిపి ఏడాదికి మూడుసార్లు వేయడం చాలు.

తగ్గిందో లేదో ఎలా లెక్కించాలి

కొబ్బరి చెట్టు నెలకు సుమారు ఒక మట్ట వేస్తుంది, ఆ మట్ట చెట్టు మీద రెండేళ్ళ పైనే ఉంటుంది. మొవ్వులో ఉండగా పురుగు కొరికిన గాయం, మట్ట విచ్చుకున్నాకే కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. చెట్టు మొత్తం మట్టలు లెక్కపెడితే రెండేళ్ళ కిందటి నష్టం కూడా ఈ ఏటి లెక్కలోకి వచ్చి వైరస్ పని చేయలేదనిపిస్తుంది. పైనున్న నాలుగైదు కొత్త మట్టలు మాత్రమే చూడండి. 30 చెట్లకు రంగు గుర్తు వేసి, వదలడానికి ముందు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి, వాటిలో కోత ఉన్న మట్టలెన్నో రాసుకోండి.

మూడో నెలలో మళ్ళీ 30 పురుగుల్ని పట్టి కోసి చూడాలి. రోగం పెరిగి ఉంటే ఇక వదలక్కర్లేదు, అదే తిరుగుతుంది. మొదట్లో ఎంతుందో అంతే ఉంటే ఇంకొకసారి వదలండి. రెండోసారి కూడా పెరగకపోతే పురుగు రకం మీద అనుమానం పెట్టుకుని జన్యు పరీక్షకు పంపాలి. మట్టల్లో తేడా కనిపించడానికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పట్టవచ్చు, ఈలోపు ఓపిక పోయి మందు కొట్టేస్తే లెక్క అక్కడితో చెడుతుంది.

తగ్గాక ఏడాదికోసారి 30 పురుగుల్ని కోసి చూడడం మానకండి. పురుగు బాగా పల్చబడితే ఒకదాన్నొకటి కలిసే అవకాశమే తగ్గి రోగం కూడా తోటలోంచి జారిపోతుంది. ఆ తర్వాత పక్క తోటలో మానులు నరికి పడేసిన ఏడాది, లేదా గాలివాన తర్వాత ఐదారు నెలలకు, పురుగు ఒక్కసారిగా పెరగవచ్చు. ఫ్రీజర్‌లో దాచిన గొట్టాలు రెండు మూడు అప్పటికి మిగిలి ఉండేలా చూసుకోండి. వాడేముందు పది పురుగులకు తాగించి బలం ఉందో లేదో తప్పక పరీక్షించాలి.